చర్యాపరిశోధన ప్రతిపాదనము: దాని యంగములు, రచనావిధానము

తెలుగు బోధించు పండితులు కూడినచోట బాలురకు వర్ణక్రమము తెలియదను మాట తరచుగా వినవచ్చును. ఇది యాక్షేపణము మాత్రమే కాని నిర్ణయము కాదు. ఏ తరగతి బాలురకు, ఏ వర్ణములయందు, ఎట్టి పదములలో, ఏ కారణమున తప్పు దొరలుచున్నదో యీ మాట చెప్పదు. ఆ తప్పు తొలగుటకు బోధకుడు రేపటినుండి యేమి చేయవలెనో యసలే చెప్పదు. ఆక్షేపణమును ప్రశ్నగాను, ప్రశ్నను ప్రయత్నముగాను మార్చి, ఆ ప్రయత్నఫలమును పరీక్షించు పద్ధతికి విద్యాశాస్త్రమున చర్యాపరిశోధనమని పేరు. దీనినే క్రియాత్మక పరిశోధనమనియు వ్యవహరింతురు. అట్టి పరిశోధనమునకు పూనుకొనువాడు తాను చేయదలచినదానిని ముందుగా వ్రాసి యుంచు పత్రమే ప్రతిపాదనము.

ఉపాధ్యాయ శిక్షణ సంస్థలయందు ఇట్టి పత్రములు ఏటేట వ్రాయబడుచున్నవి. పూర్వుల ప్రతిని ముందిడుకొని, శీర్షికయు సంఖ్యలును మాత్రము మార్చి వ్రాసినవియు వానిలో నుండవచ్చును. అట్టివానియందు అంగములన్నియు నుండును, ప్రాణముండదు. ప్రతిపాదనమునకు ప్రాణమేదనగా, తలపెట్టిన చర్య నిష్ఫలమైనచో నా నిష్ఫలత్వము తనకే విధమున తెలియగలదో ముందే నిర్దేశించుట. ఈ లక్షణ మొకటి యున్నచో తక్కిన కొరతలను దిద్దుకొనవచ్చును. ఇది లేనిచో తక్కిన గుణములు పత్రమునకు శోభ కూర్చునే కాని బాలునకు మేలు చేయవు. ఈ విషయమును స్పష్టపరచుటకై తెలుగు తరగతియందలి వర్ణక్రమ సమస్యనే యుదాహరణముగా గైకొని, ప్రతిపాదనాంగములు క్రమముగా నిట వివరింపబడుచున్నవి.

పద్ధతి పుట్టుక

ఈ పేరు ప్రాచీనమైనది కాదు. 1933లో జర్మనీ విడిచి అమెరికాకు వలసపోయిన మనస్తత్త్వశాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1946లో ప్రకటించిన యొక వ్యాసమున, సాంఘిక సమస్యలకు పరిష్కారము వెదకు మార్గముగా దీనిని నిరూపించెను. ప్రణాళిక వేయుట, దాని ననుష్ఠించుట, ఫలమును పరిశీలించుట, ఆ పరిశీలనమునుబట్టి మరల ప్రణాళికను సవరించుట, ఇట్లు మెట్టుమెట్టుగా సాగు క్రమము నాతడు వర్ణించెను. పిమ్మట కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఉపాధ్యాయ కళాశాలయందలి స్టీఫెన్ కోరీ 1953లో వెలువరించిన గ్రంథమున, పాఠశాలలోని యాచరణమును మెరుగుపరచుటకు నుపాధ్యాయులే యీ పద్ధతి నవలంబింపవలెనని వాదించెను. ఇంగ్లండున లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లో ప్రకటించిన గ్రంథముచే ఉపాధ్యాయుడే పరిశోధకుడను భావము బలపడెను. ఆస్ట్రేలియాయందు స్టీఫెన్ కెమ్మిస్, రాబిన్ మెక్‌టగార్ట్ అను వారిరువురు 1980వ దశకమున ప్రణాళిక, చర్య, పరిశీలనము, పర్యాలోచనము అను నాలుగు దశలను ఒకదానిపై నొకటి తిరుగు చక్రములుగా నిరూపించిరి. భారతదేశమున 1961లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి యేర్పడెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి స్థాపింపబడిన జిల్లా విద్యాశిక్షణ సంస్థల విధులలో చర్యాపరిశోధనమును చేరియున్నది.

పేరు క్రొత్తదైనను పని క్రొత్తది కాదు. పర్లాకిమిడియందు ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి (1863-1940) సవరలకు చదువు చెప్పదలచి, మొదట తానే వారి భాష నభ్యసించి, ఆ భాషలో వాచకములు కూర్చి, సవర బాలురకు పాఠశాలలు నడపెను. 1931లో ఆ భాషకు వ్యాకరణమును ప్రకటించెను. బోధన యేల సాగుటలేదని బాలురను నిందింపక, ఆ కారణమును వారి నోటి మాటలో వెదకుట యిందలి విశేషము. వ్యావహారిక భాషావాదమున నాతనితో నేకీభవింపని పండితులును ఈ విశేషము నంగీకరింపవచ్చును.

అయితే యీ పద్ధతికి పూర్వపక్షము లేకపోలేదు. అమెరికాయందు 1957లో హెరాల్డ్ హాడ్జ్‌కిన్సన్ దీనిని విమర్శించుచు వ్రాసెను. ఉపాధ్యాయునకు పరిశోధనశాస్త్రమున తగిన శిక్షణ లేదనుట, ఒక్క తరగతియందు తేలినది తక్కిన తరగతులకు వర్తింపదనుట, తన చర్యను తానే కొలుచువాడు పక్షపాతి కాగలడనుట, ఇవి యిట్టి పరిశోధనమునకు సామాన్యముగా చూపబడు దోషములు. ఈ యాక్షేపణములు త్రోసిపుచ్చదగినవి కావు. వీనికి సమాధానము వాదమునగాక ప్రతిపాదనముయొక్క నిర్మాణమునందే చూపవలసియున్నది.

అనుబంధ చతుష్టయము

శాస్త్రగ్రంథ ప్రారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను నాలుగింటిని నిర్దేశించుట ప్రాచీన సంప్రదాయము. దీనికే అనుబంధ చతుష్టయమని పేరు. చర్యాపరిశోధన ప్రతిపాదనమున కోరబడు అంశములు నేటి శిక్షణ గ్రంథములలో పదికి పైబడియుండును: శీర్షిక, సమస్యానిర్వచనము, ఆవశ్యకత, లక్ష్యములు, కారణ విశ్లేషణము, పరికల్పన, చర్యాప్రణాళిక, సాధనములు, దత్తాంశ సేకరణము, కాలపట్టిక, వ్యయము మున్నగునవి. వీనినన్నిటిని వల్లెవేయుటకంటె ఆ నాలుగు ప్రశ్నల వెలుగున చూచినచో, ఏ యంశ మెందులకున్నదో పండితులకు సులభముగా బోధపడును.

అధికారి యెవరనునది మొదటి ప్రశ్న. ఈ పరిశోధనమున కధికారి ఆ తరగతిని బోధించు నుపాధ్యాయుడే. దీనినుండి యొక నియమము పుట్టుచున్నది: తన చేతిలో లేని దానిని సమస్యగా గైకొనరాదు. పాఠ్యపుస్తకములు ఆలస్యముగా వచ్చుట, తల్లిదండ్రుల పేదరికము, బడి కట్టడము చాలకపోవుట నిజమైన కష్టములే; కాని తెలుగు పండితుడు తన పాఠకాలమున చేయు మార్పుచే నివి తీరవు. అట్టివానిని సమస్యగా నిరూపించినచో పరిశోధన ఫలము ప్రభుత్వమునకు చేయు విన్నపముగా ముగియును. విన్నపము వేరు, పరిశోధనము వేరు.

విషయము రెండవది. ఇందు సంకోచనమే ప్రధానము. వర్ణక్రమదోషములనునది యొక మహారణ్యము. హ్రస్వదీర్ఘ వ్యత్యయము, లళల భేదము, శషసల సంకరము, ద్విత్వలోపము, సంయుక్తాక్షరములలో క్రమభంగము, మహాప్రాణ దోషము, ఇవన్నియు ఒక్కొక్కటి వేరు వ్యాధి. ఒక్క యౌషధమునకు లొంగునవి కావు. కావున ప్రతిపాదనము వ్రాయుటకు ముందే యుపాధ్యాయుడు బాలుర వ్రాతపుస్తకములను దగ్గరనుంచుకొని, రెండు నెలల వ్రాతలలోని తప్పులను జాతులవారీగా పట్టికయందు కెక్కింపవలెను. ఈ పని రెండు వారములలో పూర్తి కాగలదు. పట్టిక సిద్ధమైనపిమ్మట నే జాతి దోషము మిక్కిలిగ నున్నదో, ఏది పెక్కుమంది బాలురయందు గలదో తెలియవచ్చును. పలువురియందు గల దోషమునే సమస్యగా గైకొనవలెను. ఇరువురు ముగ్గురియందే గలదానికి విడిగా సాయము చేసిన చాలును.

ఏడవ తరగతి యొకదానియందు మహాప్రాణ దోషములే మిక్కిలిగ గనబడినవని యూహించినచో, సమస్యానిర్వచన మిట్లుండును: ఈ తరగతి బాలురు ఉక్తలేఖనమునను స్వీయరచనయందును మహాప్రాణాక్షరములను తప్పుగా వ్రాయుచున్నారు. ఈ దోషము రెండు విధములు. 'కథ'ను 'కత' యనియు, 'పాఠము'ను 'పాటము' అనియు వ్రాయుట మహాప్రాణ లోపము. 'విద్య'ను 'విధ్య' యనియు, 'పదము'ను 'పధము' అనియు వ్రాయుట అస్థాన మహాప్రాణము. మొదటిది తెలియమివలన కలుగును. రెండవది తప్పునేమోయను భయమువలన కలుగును. వీథులలోని ఫలకములపై 'విధ్యాలయము' అను వ్రాత కానవచ్చుట రెండవ దోషము పెద్దలను సైతము విడువలేదనుటకు తార్కాణము. ఈ విభాగము పైకి చిన్నదిగ తోచినను, ముందు చూపబడునట్లు పరిశోధన మంతయు దీనిపైననే నిలిచియున్నది.

నిదానము

వైద్యుడు నిదానము తెలియక చికిత్సకు దిగడు. ప్రతిపాదనమున కారణ విశ్లేషణమునకు గల స్థానమట్టిదే. కారణములను గదియందు కూర్చుండి యూహించుట చాలదు. ఉదాహృత సమస్యయందు కనీసము మూడు కారణము లుండవచ్చును. ఒకటి, లిపిసామ్యము: ద-ధ, చ-ఛ, డ-ఢ, ప-ఫ అను జంటలలో భేదమంతయు అడుగుననుండు చిన్న గీతలో నున్నది, థ-ధల భేదమో నడుమనున్న చుక్కయే. రెండు, ఉచ్చారణము: నిత్యవ్యవహారమున మహాప్రాణములు పెక్కండ్ర నోట స్ఫుటముగ పలుకబడవు, బోధకుడే పలుకనిచో బాలుడు వినుటెట్లు? మూడు, రూపజ్ఞానము లేకుండుట: ఏ పదమున మహాప్రాణ ముండవలెనో బాలునకు తెలియకుండుట.

ఈ మూడింటిలో నేది ప్రధానమో తేల్చుటకు సులభమైన పరీక్ష గలదు. ఇరువది పదములను ఎన్నుకొని, కొన్ని దినముల యెడముతో, వానినే మూడు విధములుగా బాలురకీయవలెను. మొదట చూచివ్రాత, పిదప ఒప్పును తప్పును ప్రక్కప్రక్కనిడి ఒప్పు నేర్పరచుట, కడపట ఉక్తలేఖనము. చూచివ్రాతయందే తప్పిన బాలునకు లిపిభేదము దృష్టి కానుట లేదనవలెను. ఒప్పు నేర్పరచుటలో తప్పినవానికి రూపజ్ఞానము లేదు. ఈ రెండును సరిగా చేసి ఉక్తలేఖనమున మాత్రము తప్పినచో, దోషము వినికిడియందో బోధకుని యుచ్చారణమునందో యున్నదని సంశయింపదగును. ఒక్క గంటకు మించని యీ పరీక్ష మూడు నెలల వృథాశ్రమను తప్పించును. రూపజ్ఞానము లేనివానికి చూచివ్రాత నూరుమారులు వ్రాయించినను ఫలమల్పము.

ఈ నిదానమునకు వ్యాకరణమును తోడ్పడును. చిన్నయసూరి బాలవ్యాకరణమున సంస్కృతమునకు 50, ప్రాకృతమునకు 40, తెలుగునకు 36 వర్ణములని చెప్పెను. ఆ 36లో మహాప్రాణములు లేవు. అనగా ధ్వన్యనుకరణములు మున్నగు కొన్నిటిని విడిచినచో, మహాప్రాణములు సంస్కృతమునుండి వచ్చిన పదములలోనే సామాన్యముగ నుండును. బడి, గడప, పొలము, దారి, గోడ వంటి దేశ్యపదములలో వానికి తావులేదు. పండితులకు కరతలామలకమైన యీ విషయము బాలునకు తెలిసినచో, అతని భయమున సగము తీరును.

పరికల్పన

నిదానమునుండి చికిత్స, చికిత్సనుండి ఫలాపేక్ష పుట్టును. ఇట్టిది చేసినచో నిట్టిది జరుగునని ముందుగా చెప్పు వాక్యమే పరికల్పన. తర్కశాస్త్రమునందలి ప్రతిజ్ఞవలె నిది స్పష్టముగ నుండవలెను. అట్లయ్యు సిద్ధాంతమువలె ముందే నిశ్చితమని తలపరాదు. బాలుర భాషాసామర్థ్యము పెంపొందునను వాక్యము పరికల్పన కాదు, అది యాశీర్వచనము. దానిని తప్పని నిరూపించు మార్గమే లేదు గదా!

ఉదాహృత సమస్యయందు రూపజ్ఞానలోపమే ప్రధాన కారణమని తేలినచో, పరికల్పన రెండంగములతో నిట్లుండవలెను: సజాతీయ పదపట్టికలతో ఎనిమిది వారములభ్యాసము చేయించినచో, ఏడవ తరగతి బాలుర వ్రాతలో (1) మహాప్రాణ లోపములు తగ్గును, (2) అస్థాన మహాప్రాణములు పెరుగవు. రెండవ యంగము నేటి ప్రతిపాదనములలో సులభముగా విడిచివేయబడునట్టిది. దాని యావశ్యకత నొక యూహిత లెక్కచే చూపవచ్చును. మహాప్రాణము గల పదములు 20, అది లేని పదములు 20, మొత్తము 40 పదములు చెప్పి వ్రాయించినపుడు, ఒక బాలుడు మొదటి యిరువదిలో 12, రెండవ యిరువదిలో 2 తప్పులు చేసెననుకొనినచో మొత్తము తప్పులు 14. అభ్యాసానంతరమున మొదటి యిరువదిలో 3, రెండవ యిరువదిలో 11 తప్పులు వచ్చినవి. మొత్తము మరల 14. మొదటి యిరువది పదములనే పరీక్షించిన యుపాధ్యాయుడు తప్పులు పండ్రెండునుండి మూడునకు దిగినవని విజయము ప్రకటించును. నిజమునకా బాలుడు నేర్చినది వర్ణక్రమము కాదు. ప్రతి యక్షరము క్రిందను గీత గీయుట నేర్చెను. వెనుక తెలియక తప్పినవాడు ఇపుడు మరియొక తెలియమితో తప్పుచున్నాడు. అతనికి మేలు జరిగెనను వార్త మాత్రము నివేదికకెక్కినది.

చర్యాపరిశోధనమందలి ప్రమాదమంతయు నిట్లే ప్రవేశించును. పరిశోధకుడు అసత్యమాడుటలేదు, సత్యము తనకు కనబడని తీరున సాధనమును కూర్చుకొనినాడు. కనుకనే సాధనము నిర్ణయింపబడు ప్రతిపాదన దశయందే జాగరూకత కావలసియున్నది. చర్య ముగిసినపిమ్మట చేయగలిగినది స్వల్పము.

చర్యాప్రణాళిక

చికిత్స యొక్కటిగా నుండవలెను. పాటలు, ఆటలు, పటములు, పోటీలు, ఉచ్చారణాభ్యాసము, అన్నియు నొక్కమారే ప్రయోగించినచో తప్పులు తగ్గినను ఏ ప్రయోగమువలన తగ్గినవో తెలియదు. ఇచట నెన్నుకొనబడిన చికిత్స సజాతీయ పదపట్టిక. ఒక్క మూలమునుండి పుట్టిన పదముల నొక్కచోట చేర్చుట దాని స్వరూపము. బోధ, బోధకుడు, బుధుడు, ఒక పట్టిక. లాభము, లభించు, లభ్యము, ఒక పట్టిక. విద్య, విద్వాంసుడు, వేదము, మహాప్రాణము లేని మరియొక పట్టిక. అర్థము, అర్థించు, ప్రార్థన, విద్యార్థి యనువానిని ఒక ప్రక్కను, అర్ధము, అర్ధరాత్రి, అర్ధచంద్రుడు అనువానిని మరియొక ప్రక్కను నిలిపినచో, నడిమి చుక్క యొక్కటియే 'ప్రయోజనము' నుండి 'సగము'ను వేరుచేయుచున్నదని బాలుడు గ్రహించును. వర్ణక్రమము అర్థముతో ముడిపడినదని తెలిసినపుడే యది బాలునకు జ్ఞాపకముండును.

ఎంత కాలము, ఎన్నిమారులు, ఎవరిచే ననునది ప్రణాళికయందు సంఖ్యాపూర్వకముగ నుండవలెను. వారమునకు మూడు దినములు, దినమునకు 15 నిమిషములు, 8 వారములు అనినచో మొత్తము 360 నిమిషములు, అనగా 6 గంటలు. ఇంత కాలము పాఠ్యప్రణాళికకు భంగము లేకుండ నెచ్చటనుండి లభించునో గూడ చెప్పవలెను. ప్రతి దినమును ఏ పట్టిక బోధింపబడెనో, ఎవరు రాలేదో, ఏ ప్రశ్న యడిగిరో వ్రాసికొను దినచర్యాపుస్తక మావశ్యకము. తరువాత ఫలము విపరీతమైనపుడు కారణము చూపగలది యిదియే.

సాధనములు, అన్వయవ్యతిరేకములు

పరీక్షకు 40 పదముల పట్టిక చాలును: 20 మహాప్రాణ పదములు, 10 మహాప్రాణము లేని తత్సమములు, 10 దేశ్యములు. ఒకే పట్టికను ముందును వెనుకను ఇచ్చినచో బాలురు దానినే జ్ఞాపకముంచుకొందురు. కావున సమాన కాఠిన్యము గల రెండు పట్టికలు సిద్ధపరచి, తరగతిలో సగమునకు మొదటిదియు సగమునకు రెండవదియు పూర్వపరీక్షయందిచ్చి, పరపరీక్షయందు వానిని తారుమారు చేయవలెను. ప్రతి పట్టికయందును సగము పదములు అభ్యాసమున వచ్చునవియు, సగము రానివియు నై యుండవలెను. రాని పదములందును ఒప్పులు పెరిగినచో బాలునకు వివేకము కలిగినదనవచ్చును. వచ్చినవానియందే పెరిగినచో కంఠపాఠము మాత్రమే జరిగినదనవలెను.

ఫలము చర్యవలననే కలిగెనని చెప్పుటకు అన్వయవ్యతిరేకములు రెండును కావలెను. చర్య యున్నచోట ఫలముండుట అన్వయము. చర్య లేనిచోట ఫలము లేకుండుట వ్యతిరేకము. కాలము గడచుటచేతనే బాలురు కొంత నేర్తురు గనుక అన్వయమాత్రమున నమ్మరాదు. పాఠశాలయందు ఏడవ తరగతికి రెండవ విభాగమున్నచో, ఆ విభాగమునకు మామూలు బోధనయే జరిపి, రెండు పరీక్షలును ఆ బాలురకు గూడ నీయవలెను. ఒక్క విభాగమే యున్నచో, చర్యకు పూర్వమే మూడు వారముల యెడముతో రెండుమారులు, వేరువేరు పట్టికలతో పరీక్షించి, చర్య లేకుండగనే యెంత మార్పు కలుగునో కనుగొనవచ్చును. దీనికి మూడవ పట్టిక కావలసియుండును. క్రొత్తదనముచే కలుగు నుత్సాహము త్వరలోనే చల్లారును గనుక, పరపరీక్షకు ఆరు వారముల పిమ్మట మరియొక పరీక్ష జరుపుట యుక్తము. మూల్యాంకనమున పక్షపాతమను సంశయమునకు తావీయకుండుటకై, పత్రములపై బాలుర పేర్లును తేదియును లేకుండ సంఖ్యలు మాత్రముంచి, వేరొక యుపాధ్యాయునిచే దిద్దించుట మేలు.

పూర్వపక్షుల యాక్షేపణములకు సమాధాన మిచట దొరకుచున్నది. పక్షపాతమునకు సంఖ్యాంకిత పత్రములును, శిక్షణాలోపమునకు స్పష్టమైన పట్టికలును ప్రతిక్రియలు. ఒక్క తరగతి ఫలము సర్వత్ర వర్తింపదనుట మాత్రము సత్యమే. చర్యాపరిశోధకుడు సర్వత్ర వర్తించునని చెప్పరాదు. తన తరగతి నిట్టిదని వర్ణించి, చేసినదానిని తెలిపినచో, అట్టి తరగతి గల మరియొక పండితుడు దానిని తన చోట పరీక్షించుకొనును.

ధర్మము, కాలము, వ్యయము

బాలురు పరిశోధన ద్రవ్యములు కారు. ప్రధానోపాధ్యాయుని యనుమతియు, తల్లిదండ్రులకు ఎరుకయు నుండవలెను. ఈ పరీక్షల మార్కులు వార్షిక పరీక్షలలో చేర్పబడవని బాలురకు ముందే చెప్పవలెను. ఎవని తప్పులను తరగతిలో చదివి వినిపింపరాదు. నివేదికయందు పేర్లు రారాదు. చర్య ఫలించినచో, దానిని పొందని విభాగమునకు పరిశోధనానంతరమున ఆ పట్టికలనే బోధించుట ధర్మము. ఈ వాగ్దానమును ప్రతిపాదనమునందే వ్రాయవలెను.

కాలపట్టిక యిట్లుండవచ్చును. 1, 2 వారములు: తప్పుల వర్గీకరణము, నిదానము. 3వ వారము: పూర్వపరీక్ష. 4 మొదలు 11 వరకు: చర్య. 12వ వారము: పరపరీక్ష. 18వ వారము: తుదిపరీక్ష. 19, 20 వారములు: నివేదిక. త్రైమాసిక, అర్ధవార్షిక పరీక్షలును సెలవులును ఈ వారములలో పడకుండ చూచుకొనవలెను. వ్యయము కాగితములకును పటములకును మాత్రమే. ఖరీదైన సామగ్రి కోరు ప్రతిపాదనము మరియొక పాఠశాలయందు అనుసరింపబడజాలదు.

శీర్షికను చివర వ్రాయుట మేలు. అందు తరగతి, దోషము, చర్య మూడును కనబడవలెను: ఏడవ తరగతి బాలుర మహాప్రాణ దోషములపై సజాతీయ పదపట్టికాభ్యాసముయొక్క ఫలము. ఇట్టి శీర్షికకు అలంకారము లేదు. కాని దానిని చదివినవానికి పరిశోధకు డేమి చేయబోవుచున్నాడో సంశయముండదు. ప్రతిపాదనమంతయు నాలుగైదు పుటలకు మించనక్కరలేదు.

ప్రయోజనమును, సంబంధమును పై వివరణమున నంతర్భూతములయ్యెను. ప్రయోజనము బాలునకు కలుగు మేలు. బోధకునకు పట్టము రెండవది. సంబంధమనగా కారణమునకు చర్యయు, చర్యకు సాధనమును, సాధనమునకు పరికల్పనయు తగియుండుట. ఒక యంగమును మార్చినపుడు తక్కినవియు మారవలెను. నిదానమున ఉచ్చారణలోపము తేలగా పదపట్టికను చికిత్సగా నుంచిన ప్రతిపాదనము, లేదా లోపములనే లెక్కించి యస్థాన ప్రయోగములను విడిచిన ప్రతిపాదనము, సంబంధహీనము.

ఫలము ప్రతికూలమైనచో నేమి చేయవలెను? దానిని దాచక ప్రకటింపవలెను. పదపట్టికలచే అస్థాన మహాప్రాణములు పెరిగినవని యొక పండితుడు నిష్కపటముగ వ్రాసినచో, పదిమంది పండితులు ఆ దారి తొక్కక వేరు దారి వెదకుదురు. లెవిన్ చెప్పిన మెట్ల క్రమమున వైఫల్యము ముగింపు కాదు. రెండవ ప్రణాళికకు మొదటి దత్తాంశము. 'కత' యని వ్రాసిన బాలుని మందబుద్ధి యని తలచి విడిచిన తరగతియందు, అతడు చూచుటలో తప్పెనో, వినుటలో తప్పెనో, అతనికెవ్వరును రూపము చెప్పలేదో విచారించు పండితుడొక్కడున్నను ఆ బాలుని చదువు నిలుచును. ఆ విచారము తెల్లకాగితముపై ప్రశ్నగా వ్రాయబడిననాడే ప్రతిపాదన మారంభమైనది.